ట్రాఫిక్‌లో రోజూ తిరిగే కారుకు ముందు గేర్‌బాక్స్ చూడండి, ఇంజిన్ తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. పోనూ రానూ 36 కిలోమీటర్ల దాకా. రెండు నెలలకోసారి రాజమండ్రి వెళ్లి రావాలి. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు. ఆన్‌రోడ్ 15 లక్షలు దాటకూడదు, ఆటోమేటిక్ అయితేనే కొంటారు. నెక్సాన్ డీజిల్ ఏఎంటీ, వెన్యూ టర్బో డీసీటీ, బ్రెజా ఆటోమేటిక్ మూడూ చూసి వచ్చారు. (ఏఎంటీ, డీసీటీ రెండూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో రకాలే, కింద చెప్తాను. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం.) తమ్ముడేమో డీజిల్ అయితే మైలేజీ వస్తుందంటున్నాడు, ఆఫీసులో ఫ్రెండ్ డీసీటీ పికప్ నడిపితేగానీ తెలియదంటున్నాడు. పికప్, మైలేజీ, మన్నిక, రోజువారీ సుఖం అన్నీ కలిపి చూస్తే ఏది మంచిదని అడిగారు.

ముందే చెప్పేస్తాను. మీ మూడింట్లో నా ఓటు బ్రెజా ఆటోమేటిక్‌కి. పికప్ తప్పకుండా కావాలనుకుంటే వెన్యూ డీసీటీ బుక్ చేసే ముందు ఒకసారి మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ పెట్రోల్ ఆటోమేటిక్ నడిపి చూడండి. డీజిల్ నెక్సాన్ మంచి కారే, కానీ మీరు రోజూ జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ మీదుగా వెళ్లేటట్టయితే అది మీకు కాదు. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీదుగా వెళ్లేటట్టయితే ఈ సమాధానం మారుతుంది, దాని సంగతి కింద రాస్తాను.

నాకు మూసాపేట దగ్గర అన్ని కంపెనీల కార్లూ చూసే వర్క్‌షాప్ ఉంది. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కూకట్‌పల్లి, మియాపూర్, బాచుపల్లి వైపు నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లివచ్చే కార్లే. అంటే మీలాంటి వాళ్ల కార్లే. అందుకే నేను చెప్పేది ఈ ట్రాఫిక్‌కి సంబంధించిన మాట. ఇదే ప్రశ్న ఖమ్మంలోనో భీమవరంలోనో ఉండే మనిషి అడిగితే నేను వేరేలా చెప్తాను.

మీటరు కిలోమీటర్లు చూపిస్తుంది, గంటలు చూపించదు

కారు కొనేటప్పుడు అందరూ ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామని లెక్కేస్తారు. హైదరాబాద్‌లో అది సగం లెక్కే. సాయంత్రం ఆరు గంటలకు సైబర్ టవర్స్ నుంచి జేఎన్‌టీయూ వైపు వచ్చే కారు సగటున గంటకు 15 కిలోమీటర్లు వెళ్తే గొప్ప. ఆ వేగంతో పదివేల కిలోమీటర్లు తిరగాలంటే ఇంజిన్ దాదాపు 667 గంటలు ఆన్‌లో ఉండాలి. అదే పదివేలు విజయవాడ హైవే మీద సగటున 75తో తిరిగితే 133 గంటలు చాలు. మీటరులో రెండు కార్లూ ఒకటే. లోపల ఒకటి అయిదింతలు పనిచేసింది.

ఆ గంటల్లో అన్నిటికంటే ఎక్కువ నలిగేది ఇంజిన్ కాదు, ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య ఉన్న భాగం. ఆపడం, కదలడం, మళ్లీ ఆపడం. ఆ కదిలే క్షణంలో భారమంతా ఎవరు మోస్తారు అన్నదాన్ని బట్టే మీ గేర్‌బాక్స్ ఎంతకాలం ఉంటుందో తేలుతుంది. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి "ఆటోమేటిక్ సర్" అని ఒక్క మాటలో తేల్చేస్తాడు గానీ, అందులో నాలుగు రకాలున్నాయి. నాలుగింటి స్వభావమూ వేరు.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ఉంటుంది. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు ఆ ఆయిలే జారుతుంది, అరిగిపోయే ప్లేటు కాదు. కాబట్టి గంటసేపు బంపర్ టు బంపర్ వెళ్లినా దానికి పెద్ద కష్టం లేదు. మైలేజీ కాస్త తక్కువ ఇస్తుంది, గేర్ మార్పు కాస్త నిదానం. కానీ వేళకు ఆయిల్ మారుస్తూ ఉంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటినా విప్పాల్సిన అవసరం రానివి మా దగ్గర తిరుగుతూనే ఉన్నాయి. బ్రెజా 1.5 పెట్రోల్‌లో ఉన్నది ఇదే, ఆరు గేర్లది. 3ఎక్స్ఓ పెట్రోల్‌లోనూ ఇదే. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌ల 1.0 టర్బోలో ఉన్నదీ ఇదే. వాళ్ల 1.5 టర్బోలో మాత్రం డీసీటీ వస్తుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని పొరబడుతుంటారు.

సీవీటీలో గేర్లంటూ ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్టు తిరుగుతుంది. ట్రాఫిక్‌లో దీనంత మెత్తగా నడిచేది ఇంకోటి లేదు. హోండా ఎలివేట్, అమేజ్, సిటీ కార్లలో ఉంటుంది. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శబ్దం ముందు లేస్తుంది, వేగం తర్వాత వస్తుంది. అది కొందరికి నచ్చదు. నిదానంగా నడిపేవాళ్లకు అసలు తెలియదు కూడా.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం లాంటి మీ కాలూ చెయ్యీ చేసే పనిని యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌తో సమానం, రిపేరు ఏ ఊళ్లో అయినా అవుతుంది. గేరు మారినప్పుడల్లా తల చిన్నగా ముందుకు ఊగుతుంది. డ్రైవర్‌కి వారంలో అలవాటవుతుంది గానీ వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్లకు కాదు. పిల్లలకు వాంతుల సమస్య ఉంటే ఇంకా ఇబ్బంది.

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి నడుస్తుండగానే రెండోది తర్వాతి గేరు సిద్ధం చేసి పెడుతుంది, అందుకే గేరు మారినట్టే తెలియదు. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ సుఖం వేరు, మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అయితే ఇందులో వెట్ క్లచ్, డ్రై క్లచ్ అని రెండున్నాయి. వెట్ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి వేడి త్వరగా దిగుతుంది. టాటా పెట్రోల్ కార్లలో డీసీఏ పేరుతో ఇచ్చే డీసీటీ ఆ రకం. డ్రై క్లచ్‌కి గాలే దిక్కు. వెన్యూ 1.0 టర్బోలో వచ్చేది డ్రై క్లచ్ డీసీటీ.

డ్రై క్లచ్ డీసీటీ చెడ్డ గేర్‌బాక్స్ అని నేను అనను. దానికి మన ట్రాఫిక్ పడదు, అంతే. ముఖ్యంగా ఫ్లైఓవర్ ఎక్కే ర్యాంపు మీద. ముందు కారు రెండడుగులు కదులుతుంది, మీరూ బ్రేక్ వదిలి కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తారు, కారు పాకుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ రెండడుగుల్లో క్లచ్ పూర్తిగా పట్టుకోదు, జారుతూనే ఉంటుంది. మే నెలలో బయట 42 డిగ్రీలు, ఏసీ ఫుల్‌లో, కార్లో అయిదుగురు. పదిహేను నిమిషాలు అలా గడిస్తే మీటరు మీద ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందని హెచ్చరిక వస్తుంది. అప్పుడు కారు పక్కన ఆపి చల్లారేదాకా కూర్చోవాలి.

మా దగ్గరికి వచ్చిన ఒక కారు సంగతి చెప్తాను, కంపెనీ పేరు వద్దు. కొండాపూర్‌లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది, డ్రై క్లచ్ డీసీటీ. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు వస్తోందని తెచ్చారు. కిలోమీటర్లు పెద్దగా తిరగలేదు, పైకి కారు కొత్తదానిలా ఉంది. గేర్‌బాక్స్ దింపి క్లచ్ ప్లేటు చేతిలోకి తీసుకుంటే మెరుపు లేదు, నీలం రంగు తిరిగి అక్కడక్కడా సన్నగా చిట్లింది. ఇనుము బాగా కాలితే వచ్చే నీలం అది. ఆయన డ్రైవింగ్‌లో తప్పేమీ లేదు, చాలా నెమ్మదిగా నడిపే మనిషి. ఆ నెమ్మదితనమే ర్యాంపు మీద క్లచ్‌ని ఎక్కువసేపు జారనిచ్చింది. క్లచ్ సెట్టు ఖర్చు విని ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇప్పటికే డీసీటీ ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట. ముందు కారుతో పాటు పాకకండి. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చేదాకా బ్రేక్ మీద ఆగి, అప్పుడు ఒకేసారి కదలండి. వెనకాల హారన్ కొడతారు, కొట్టనివ్వండి. ఎత్తు మీద కారును యాక్సిలరేటర్‌తో నిలబెట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి, ఆటో హోల్డ్ (బ్రేక్ మీద కాలు తీసినా కారును కదలకుండా పట్టి ఉంచేది) ఉంటే వాడండి.

డీజిల్ సంగతి

మీ తమ్ముడు చెప్పిన లెక్క కాగితం మీద సరైనదే. ఆఫీసుకు ఏడాదికి తొమ్మిదిన్నర వేలు, రాజమండ్రికి ఇంకో అయిదు వేలు, మొత్తం పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోల్ ఆటోమేటిక్ సిటీలో లీటరుకు 11, హైవేలో 17 ఇస్తుందనుకుంటే ఏడాదికి దాదాపు 1,158 లీటర్లు. డీజిల్ సిటీలో 14, హైవేలో 20 అనుకుంటే దాదాపు 929 లీటర్లు. పెట్రోలు 107, డీజిల్ 96 చొప్పున వేస్తే తేడా ఏడాదికి ముప్పై అయిదు వేల దగ్గర వస్తుంది. తక్కువేమీ కాదు. కానీ అదే మోడల్‌లో డీజిల్‌కి లక్ష పైచిలుకు ఎక్కువ పెడతారు కాబట్టి మొదటి మూడేళ్లు ఆ డబ్బు రాబట్టుకోవడానికే సరిపోతుంది.

నా అభ్యంతరం ఆ లెక్క మీద కాదు, డీపీఎఫ్ మీద. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో ఒక ఫిల్టర్ ఉంటోంది, అదే డీపీఎఫ్. మసిని పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు కారే దాన్ని కాల్చేసుకుంటుంది, దీన్ని రీజనరేషన్ అంటారు. ఆ కాల్చడానికి లోపల 550, 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఒక ఇరవై నిమిషాలు ఆపకుండా వెళ్తే ఆ పని తనంతట తానే అయిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. జేఎన్‌టీయూ జంక్షన్‌లో ఆగుతూ కదులుతూ ఉన్న కారులో ఆ వేడి రాదు. వేడి కోసం కంప్యూటర్ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఆ పని సగంలో ఉండగా మీరు ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ మొదలు, ఇంటి దగ్గర మళ్లీ ఆపడం.

ఇలా కొన్నాళ్లు జరిగిన కారును గుర్తుపట్టడం నాకు చాలా తేలిక. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తాను. ఆయిల్ తగ్గాల్సింది పోయి మ్యాక్స్ గీత దాటి పైన ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే పలచగా జారుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. కాల్చడానికి చల్లిన డీజిల్ కాలక, సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసిపోయిందన్నమాట. అలాంటి ఆయిల్‌తో టర్బో బేరింగులు ఎన్నాళ్లు ఉంటాయి చెప్పండి. ఇలా వచ్చిన కార్లన్నింటికీ ఒకే కథ ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు, మధ్యలో ఎక్కడా యాభై దాటదు. లోపం ఇంజిన్‌ది కాదు, అది తిరిగే దారిది.

డీజిల్ కారు ఉన్నవాళ్లు ఈ గుర్తులు కనిపెట్టుకుని ఉండండి. ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) మామూలుకంటే కాస్త ఎక్కువ చూపించడం, మైలేజీ ఉన్నట్టుండి పడిపోవడం, కారు ఆపాక కూడా ముందు ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉండటం, కాలిన వాసన. ఇవి కనబడితే రీజనరేషన్ నడుస్తోందని అర్థం. వీలైతే అప్పుడు ఇంజిన్ ఆపకండి, ఇంకో పది పదిహేను నిమిషాలు ఖాళీ రోడ్డు మీద తిప్పి రండి.

ఓఆర్‌ఆర్ మీదుగా వెళ్తే

పైన సమాధానం మారుతుందన్నది ఇక్కడే. మీ నిజాంపేట నుంచి బాచుపల్లి మీదుగా మల్లంపేట దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కొచ్చు, 2023లో అక్కడ ఇంటర్‌ఛేంజ్ తెరిచారు. అక్కడి నుంచి పటాన్‌చెరు, కొల్లూరు, కోకాపేట దాటి నానక్‌రామ్‌గూడలో దిగొచ్చు. దూరం బాగా పెరుగుతుంది, టోల్ కట్టాలి. కానీ ఆ రోడ్డు మీద బైకులు లేవు, సిగ్నళ్లు లేవు, వేగ పరిమితి 120. మా కస్టమర్లలో బాచుపల్లి నుంచి ఇలా వెళ్లేవాళ్లు ఉన్నారు. ట్రాఫిక్ టెన్షన్ లేకుండా ఆఫీసుకు చేరుతున్నామని వాళ్ల మాట.

మీరూ అలా వెళ్లేటట్టయితే రోజుకు రెండుసార్లు కారు గట్టిగా పరుగెడుతుంది, డీపీఎఫ్ శుభ్రపడుతుంది. తిరిగే కిలోమీటర్లు పెరుగుతాయి కాబట్టి డీజిల్‌కి పెట్టిన లక్ష త్వరగా వెనక్కి వస్తుంది. నెక్సాన్ డీజిల్‌కి 260 ఎన్ఎమ్ టార్క్, అంటే లాగే బలం, ఉంది. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో అయిదు స్టార్లు తెచ్చుకున్న కారు. ఓఆర్‌ఆర్ మీద, రాజమండ్రి దారిలో అది నిజంగా హాయినిస్తుంది. ఏఎంటీ ఊపు కూడా వేగంగా వెళ్లేటప్పుడు అంతగా తెలియదు. వెన్యూ డీసీటీ మీద నా అభ్యంతరం కూడా ఈ దారిలో చాలావరకు పోతుంది. కాబట్టి కారు సంగతి తేల్చుకునే ముందు ఒక వారం ఇప్పుడున్న బండితోనో క్యాబ్‌లోనో రెండు దార్లూ వెళ్లి చూడండి. ఏ దారి మీకు నిలుస్తుందో అదే కారు ఏదో చెప్తుంది.

మళ్లీ బ్రెజా, 3ఎక్స్ఓ దగ్గరికి

బ్రెజాది టర్బో లేని 1.5 లీటర్, నాలుగు సిలిండర్ల ఇంజిన్. 103 పీఎస్ పవర్, 137 ఎన్ఎమ్ టార్క్. కాగితం మీద చూస్తే మిగతా వాటికంటే వెనకే. నడిపేటప్పుడు సిటీలో ఆ తేడా తెలియదు. ఎందుకంటే ఇరవై నుంచి నలభై మధ్య వేగంలో కావాల్సింది వెంటనే స్పందించడం, టర్బో వేగం అందుకునేదాకా ఉండే ఆలస్యం ఈ ఇంజిన్‌కి ఉండదు. తేడా తెలిసేది విజయవాడ హైవే మీద, అయిదుగురు ఎక్కి లగేజీ నిండినప్పుడు, ఎనభైలో వెళ్తూ లారీని దాటాలనుకున్నప్పుడు. కాస్త ముందే తొక్కాలి, దూరం చూసుకుని దాటాలి. కుటుంబంతో వెళ్లే మనిషికి అది పెద్ద లోటు అని నేను అనుకోను. పైగా టర్బో, ఇంటర్‌కూలర్, వాటి పైపులు లేని ఇంజిన్‌లో పదేళ్ల తర్వాత చెడిపోవడానికి వస్తువులే తక్కువ. సూర్యాపేటలో ఆగినా, కోదాడలో ఆగినా దాన్ని బాగుచేయగల మెకానిక్ దొరుకుతాడు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

3ఎక్స్ఓ టర్బో పెట్రోల్‌లో 111 పీఎస్‌ది, 131 పీఎస్‌ది అని రెండు ఇంజిన్లున్నాయి. రెండింటికీ టార్క్ కన్వర్టరే. పికప్ కావాలి, క్లచ్ భయం వద్దు అనుకునేవాళ్లకు ఈ ధరలో ఇది మంచి దారి. భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు స్టార్లు వచ్చాయి. మైలేజీ మాత్రం సిటీలో తొమ్మిది, పది దగ్గరే ఆగుతుంది. టర్బో పెట్రోల్‌ని ట్రాఫిక్‌లో నడిపితే ఏ కంపెనీదైనా అంతే. డిక్కీ కూడా చిన్నది, రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు వేసుకొచ్చే ఇల్లయితే ముందే కొలిచి చూసుకోండి.

హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు ఉండే కారు) గురించి మీరు అడగలేదు, బడ్జెట్‌లోనూ రాదు. కానీ ఆన్‌రోడ్ 20 దాకా వెళ్లగలిగితే గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు మీ దారికే పుట్టినట్టు ఉంటాయి. ట్రాఫిక్‌లో సగం సమయం ఇంజిన్ ఆగి మోటారు మీదే నడుస్తాయి, అరిగే క్లచ్ అంటూ ఉండదు. కంపెనీ లెక్క 27.97 అయినా సిటీలో ఇరవై పైన ఇస్తున్నాయి. ఆ మైలేజీ ఈ ట్రాఫిక్‌లో హైబ్రిడ్ కాని పెట్రోల్ కారు ఇవ్వదు.

ఎలక్ట్రిక్ విషయానికొస్తే, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర చార్జింగ్ పాయింట్‌కి ఒప్పుకుంటేనే ఆలోచించండి. రోజుకు 36 కిలోమీటర్లకు దానికి మించింది లేదు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కాబట్టి ఎక్స్‌షోరూమ్‌కీ ఆన్‌రోడ్‌కీ తేడా బాగా తగ్గుతుంది. మీ చేతిలో ఉన్న 15 లక్షలు పెట్రోల్ కారుకంటే అక్కడ పెద్ద బండి తెస్తాయి. కానీ రాజమండ్రికి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. పండగల్లో పంతంగి టోల్ దగ్గరే గంట గడిచే రోజుల్లో చార్జర్ దగ్గర ఇంకో వరుసలో నిలబడాలంటే నాన్నగారికి కష్టం. ఇంట్లో ఇంకో కారు ఉంటే మాత్రం రెండో ఆలోచన లేకుండా ఎలక్ట్రిక్ అనేవాణ్ణి.

మిగతా చిన్న విషయాలు

ఏ కారు కొన్నా సర్వీస్ పుస్తకంలో "సివియర్ కండిషన్స్" అని ఒక పేజీ ఉంటుంది, అది చదవండి. ఆగి ఆగి నడవడం, ఎక్కువ వేడి, దుమ్ము, ఇవన్నీ అందులోకే వస్తాయి. అంటే మనకు వర్తించేది ఆ పేజీయే. పదివేలకు మార్చమన్న ఇంజిన్ ఆయిల్‌ని నేను ఏడున్నర వేలకే మార్చమంటాను. పైన చెప్పిన గంటల లెక్క గుర్తుంటే కారణం మీకే అర్థమవుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొందరు చెప్తారు. ఈ ఎండల్లో ఆ మాట వినకండి, 60 వేలు దాటకముందే మార్పించండి. ఆ ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. ముఖ్యంగా సీవీటీలో వేరేది పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి పెట్రోల్‌కంటే శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొద్దిగా పడుతుంది, కొత్త కార్లకు అంతకుమించి భయం లేదు. మీరు సెకండ్ హ్యాండ్ వైపు వెళ్తే మాత్రం 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కారు చూసుకోవడం మేలు.

వానాకాలం గురించి కూడా. 2020 అక్టోబర్‌లో కురిసిన వానకు నీళ్లలో మునిగిన కార్లు మా వీధి పొడుగునా నిలబడ్డాయి. వాటిలో ఇంజిన్ పూర్తిగా పోయినవి ఎక్కువగా నీళ్లలో ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేసినవే. గాలి పీల్చే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి, ఆ నీటిని నొక్కి కుదించడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలా ఆగితే కీ ముట్టుకోకుండా తోయించి బయటికి తీయండి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తప్పకుండా తీసుకోండి, మామూలు పాలసీలో ఇది రాకపోవచ్చు.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి

షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ తిప్పి టెస్ట్ డ్రైవ్ అయిందనుకోకండి. కారును ఇంటికి తెమ్మనండి, పంపిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత తెమ్మనండి.

ముందు మీ సెల్లార్‌లోకి దించండి. మన అపార్ట్‌మెంట్ల ర్యాంపులు ఎంత నిటారుగా ఉంటాయో తెలుసు కదా. పైకి వచ్చేటప్పుడు ర్యాంపు సగంలో ఆపి, బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కకుండా చూడండి. వెనక్కి జారుతుందా, నిలబడుతుందా, వణుకుతుందా. అక్కడే సగం సంగతి తెలుస్తుంది. తర్వాత కుటుంబమంతా ఎక్కి, ఏసీ వేసి, జేఎన్‌టీయూ వైపు ట్రాఫిక్‌లోకి వెళ్లండి. అరగంట పాటు పాకనివ్వండి. చివరగా కాస్త ఖాళీ రోడ్డు దొరికినచోట నలభై నుంచి ఎనభైకి లాగి చూడండి, సున్నా నుంచి వందకి ఎంత అన్నది మీకు ఎప్పుడూ అవసరపడదు.

నాన్నగారిని వెనక సీటుకు ఎక్కించి దించండి, ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. సీటు మరీ కిందికి ఉంటే లేవడానికి మోకాళ్ల మీద భారం పడుతుంది, మరీ ఎత్తుగా ఉంటే కాలు ఎత్తడం కష్టం. ఆయన చెయ్యి పట్టుకోకుండా దిగగలిగిన కారే మీ ఇంటి కారు. ఆయనకు వెన్యూ బాగుండి బ్రెజా ఇబ్బందిగా ఉంటే నేను పైన రాసిందంతా పక్కన పెట్టి మళ్లీ అడగండి, దానికి తగ్గట్టు చెప్తాను.

బుకింగ్ డబ్బు కట్టే ముందు ఒకటి రాతపూర్వకంగా అడగండి. ఎక్స్‌టెండెడ్ వారంటీలో గేర్‌బాక్స్ అంతా వస్తుందా, క్లచ్ ప్లేట్లు, యాక్చుయేటర్, కంట్రోల్ యూనిట్ వస్తాయా అని. నోటితో "అన్నీ వస్తాయి సర్" అంటారు. పాలసీ కాగితంలో చాలాచోట్ల క్లచ్‌ని అరిగే వస్తువుల కింద రాసి పక్కన పెడతారు. డీసీటీ, ఏఎంటీ కొనేవాళ్లకు ఆ ఒక్క లైను చాలా ముఖ్యం. అది చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.